వెనుక ఎవరున్నరు?

ఊ కొడ్తరా, పంటరా? ఊ కొట్టేటోళ్లకే కథ. పండేటోళ్లకు గోడ దిక్కు జాగున్నది, పోయి పండుండ్రి.

అనగా అనగా, మీ తాతకు తాత మొలతాడుతోని తిరిగేనాటి ముచ్చట. ఒక ఊరు. ఊరికి దూరంగ ఒక గుట్ట. నడుమ మూడు వాగులు. గుట్ట కాడి వాగు మోకాలి లోతు. నడిమి వాగు నడుము లోతు. ఊరి వాగు మాత్రం, వాన పడ్డదంటే, దాని లోతు దానికే తెల్వదు.

ఆ ఊర్లె ఏటా తొలి వానలకు బురద పరుగు పెట్టేటోళ్లు. పొద్దుగాల పడుచుపోరలంత కలిసి గుట్టకు నడుచుకుంట పోయేది. అమ్మవారి గద్దె కాడ పిడికెడు మన్ను రుమాల్ల మూటగట్టి నడుముకు బిగించుకునేది. ఇగ అక్కడినుంచి ఊరి దాక ఉరుకుడే ఉరుకుడు. ఆ మన్ను కలిపినంకనే ఊర్లె విత్తనం నేలల పడేది. ఊరి వాగు ఒడ్డు మీద దుర్గయ్య డప్పు పట్టుకోని నిలబడేటోడు. ఒక్కొక్కడు ఒడ్డెక్కంగనే డప్పు కొట్టి, తండ్రి పేరు పెట్టి మరీ పిలిచేటోడు. "ఫలానాయన కొడుకు ఫలానోడు వచ్చిండో!" ఆ పిలుపు కోసమే పోరలు పానం పెట్టి ఉరికేది.

ఆ ఊర్లె పోశవ్వ అని ఒక ముసలవ్వ. మొగడు బానయ్య ఎప్పుడో పోయిండు. కండ్లు గూడ పోయినయి. మిగిలింది ఒక్క కొడుకు, ఓదెలు. ఓదెలు పనేందయ్యా అంటే, వానకాలం వాగు దాటించుడు. ముసలోళ్లను భుజాల మీద, పిల్లలను చంకల, మేకలను మెడ మీద ఎక్కించుకోని దాటించేటోడు. ఎవలన్న బువ్వ పెడితే తినేటోడు, పెట్టకపోతే నవ్వుకుంట ఇంటికొచ్చేటోడు.

మరి అసొంటోడు పరుగుల ముందుండాలె గదా? ఎక్కడిది! మొదటి ఏడు ఉరికిండు. ఎవడో జారిపడితే లేపిండు, ఆఖరొచ్చిండు. రెండో ఏడు ఉరికిండు. ఎవని కాల్లనో ముల్లిరిగితే తీసిండు, ఆఖరొచ్చిండు. మూడో ఏడు ఉరికిండు. ఒక్కడు నడిమి వాగు చూసి భయపడితే చెయ్యి పట్టి దాటించిండు, మళ్ల ఆఖరే. ఆఖరోడు వచ్చేసరికి దుర్గయ్య ఉంటడా? బువ్వ చల్లారుతదని డప్పు సంకల పెట్టుకోని పోయేటోడు. మూడేండ్లు అవ్వ ఒడ్డు మీద కూసోని చెవులొగ్గి విన్నది. అందరి పేర్లు విన్నది. కొడుకు పేరు వినలే, మొగని పేరు వినలే.

నాలుగో ఏడు పరుగు ముందటి దినం కొడుకును దగ్గర కూసోబెట్టుకున్నది.

"బిడ్డా, నేను నిన్ను చీర అడిగిన్నా, సొమ్మడిగిన్నా?"

"ఏం గావాల్నో చెప్పే అవ్వా."

"మీ నాయిన పేరు డప్పు మీద ఒక్కసారి వినాలె. కండ్లు పోయినయి, చెవులు గూడ పోకముందే వినాలె. ఈయేడు ఎవడు పడ్డా ఆగకు. ఎవడు పిలిచినా ఎనుకకు చూడకు. నా మీద ఒట్టెయ్యి."

ఓదెలు అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "ఒట్టే అవ్వా. ఈయేడు వినిపిస్త."

తెల్లారి పోరలు గుట్టకు పోయిండ్రు. అవ్వ ఒడ్డు మీదికొచ్చి కూసున్నది. పొద్దు నడినెత్తికొచ్చేదాక ఎండనే. తర్వాత గుట్ట మీద మబ్బు పట్టింది, ఉరిమింది, ఇగ చూస్కో వాన. ధార కట్టి కొడుతుంటే నాలుగడుగుల అవతల మనిషి కనపడడు. ఊరి వాగు ఎర్రగ పొంగింది. అవ్వకు అది కనపడలే గని సప్పుడు ఇనపడ్డది.

ఇంతల డప్పు మోగింది. అవ్వ చెవులొగ్గింది.

"ఐలయ్య కొడుకు గట్టయ్య వచ్చిండో!"

ఊరంత కేకలు. గట్టయ్యను భుజాల మీదికెత్తుకున్నరు. అవ్వ తడుముకుంట పోయి వాని కాలు పట్టుకున్నది.

"బిడ్డా, నీ ఎనుక ఎవరున్నరు?"

"ఓదెలన్న ఉన్నడవ్వా, వస్తుండు" అన్నడు గట్టయ్య. వాన్ని ఎత్తుకపోయిండ్రు.

ఇంకొకడొచ్చిండు. "నీ ఎనుక ఎవరున్నరు బిడ్డా?"

"ఏమోనవ్వా, వానల నేను చూడలే."

ఒకని ఎనుక ఒకడు, ఓదెలు తప్ప అందరొచ్చిండ్రు, అందరి పేర్లు డప్పు మీద మోగినయి. దుర్గయ్య డప్పు సంకల పెట్టిండు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకున్నది.

"దుర్గయ్యా, ఎనుక ఎవరున్నరు?"

"నీ కొడుకే పోశవ్వా. వాడెప్పుడూ ఆఖరే గదా, ఎవన్నో ఎత్తుకోని వస్తుంటడు. రా, ఇస్తర్లు ఏసిండ్రు, బువ్వ తిందువు."

అవ్వకు కోపమొచ్చింది. భయం కాదు, కోపం. ఒట్టేసి గూడ ఆగిండని కోపం. "నీ కాళ్లు పడిపోను, మళ్ల ఆగినవా! అవ్వ కన్న ఊరోళ్లే ఎక్కువైండ్రా నీకు?" అని వాగు దిక్కు తిరిగి తిట్టింది. నోరు నొప్పి పుట్టేదాక తిట్టింది. ఆ తిట్లు తలుసుకోని తర్వాత ఎంత ఏడ్చిందో నేను చెప్పలేను, మీరు వినలేరు.

అక్కడ పందిట్ల గట్టయ్యకు తలపాగ చుట్టిండ్రు. ముందుగాల వానికే వడ్డించిండ్రు. ముద్ద కలిపిండు, నోటి దాక తెచ్చిండు, మళ్ల ఇస్తర్ల పెట్టిండు. లేచి ఎంగిలి చేతులతోనే ఒడ్డుకు ఉరికొచ్చి అవ్వ కాళ్ల మీద పడ్డడు.

"అవ్వా, గుట్ట కాడి వాగుల జారిపడి 'అన్నా' అని పిలిచిన. ఓదెలన్న తిరిగి చూడలే. నడిమి వాగుల మునిగి 'అన్నా' అని పిలిచిన. తిరిగి చూడలే. ఊరి వాగుల నేను దిగేసరికి అన్న ఒడ్డు మీద చెయ్యేసిండు. నీళ్లు నన్ను గుంజుకపోతున్నయి. 'అన్నా' అని ఒక్క కేక పెట్టిన. అప్పుడు తిరిగి చూసిండవ్వా. దునికిండు. నన్ను కింది నుంచి ఒడ్డు మీదికి నూకిండు. నాకు డప్పు ఇనపడ్డది. నేను ఎనుకకు చూడలే."

అవ్వ వాగు దిక్కు తిరిగింది. చెయ్యి గాలిల పెట్టి వెతుక్కున్నది, పట్టుకునేతందుకు ఏం దొరకలే.

ఊరంత ఇస్తర్లు ఇడిసిపెట్టి ఉరికింది. పొద్దు గుంకకముందే దొరికిండు. మద్దిచెట్టు వేర్లల్ల ఇరుక్కోని ఉన్నడు. నలుగురు పట్టి ఒడ్డు మీదికి తెచ్చిండ్రు. అవ్వ మొఖం తడిమింది, చేతులు తడిమింది, నడుము తడిమింది. రుమాలు మూట అట్లనే ఉన్నది. లోపల పిడికెడు మన్ను, నాని ముద్దైంది గని పోలే.

"దుర్గయ్యా" అన్నది అవ్వ. "నా కొడుకు ఒడ్డెక్కిండు. పిలువు."

దుర్గయ్య సంకల డప్పు తీసిండు. కొట్టిండు. "బానయ్య కొడుకు ఓదెలు వచ్చిండో!"

"ఇంకొక్కసారి."

"బానయ్య కొడుకు ఓదెలు వచ్చిండో!"

"ఇంకొక్కసారి దుర్గయ్యా, వాన సప్పుడుకు మంచిగ ఇనపడలే."

మూడోసారి దుర్గయ్య పిలువలే, ఏడ్చిండు. ఊరోళ్లే పిలిచిండ్రు, ఆడ మగ పిల్ల జెల్ల అందరు. అవ్వ చెవులొగ్గి విన్నది. ఇన్నాక కొడుకు తల ఒళ్లె పెట్టుకోని వానల అట్లనే కూసున్నది. ఆయేడు ఊర్లె విత్తనాలల్ల ఓదెలు మూటల మన్నే కలిపిండ్రు.

గట్టయ్య మళ్ల ఎన్నడు ఉరకలే. బతికినన్నాళ్లు పరుగు దినం ఊరి వాగుల తాడు పట్టుకోని నిలబడ్డడు, ఆఖరోడు ఒడ్డెక్కేదాక.

అవ్వ ఇంకో మూడు వానకాలాలు బతికింది. ఏటా ఒడ్డు మీద కూసోని, ఎక్కేటోన్ని ఎక్కేటోన్ని అడిగేది. "నీ ఎనుక ఎవరున్నరు బిడ్డా?" అవ్వ పోయినంక అడిగేటోళ్లు లేకపాయె. దాంతోని పోరలే ఒకన్నొకడు అడుగుడు మొదలువెట్టిండ్రు.

ఇప్పటికీ ఆ దిక్కు ఆఖరోడు ఒడ్డెక్కేదాక డప్పు మోగదు, ఇస్తరి పడదు. మోగినప్పుడు ముందుగాల పిలిచేది బానయ్య కొడుకునే. వానకాలం ఆ దిక్కు పోయి వాగుల దిగుండ్రి, మీకే ఇనపడ్తది. ముందటోడు ఒడ్డు మీద చెయ్యేసి, ఎక్కకుండ ఆగి, "ఎనుక ఎవరున్నరు?" అని అడుగుతడు. ఆ మాట ఒకని నుంచి ఒకనికి పోతది. అందరికన్న ఆఖరోడు, తన ఎనుక నీళ్లే తప్ప ఎవరు లేకపోయినా, వాగు దిక్కు తిరిగి చూసి జవాబు చెప్తడు.

"ఓదెలన్న ఉన్నడు."

అప్పుడు ఒడ్డెక్కుతరు.