అక్క కిటికీ వైపు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మీ తాతల తాతలకి తాతలు కూడా పుట్టని నాటి మాట. ఊ కొట్టండి మరి, లేదంటే నేను చెప్పను.

యెరూషలేములో ఒక గుడి ఉండేది. శత్రువులొచ్చి దాన్ని కాల్చేశారు. యూదుల్ని తూర్పున ఉన్న బబులోనుకి చెరపట్టుకుపోయారు. అక్కడ వాళ్ళు రోజూ పడమటి కిటికీ తెరిచి, లేని గుడికేసి తిరిగి మొక్కేవాళ్ళు. ఏళ్ళు గడిచాక రాజు మారాడు. "పోండి, మీ గుడి మీరు కట్టుకోండి" అన్నాడు.

అలా బయల్దేరినవాళ్ళలో షల్లూము ఒకడు. సున్నం తొక్కేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. తల్లి పోయాక వాణ్ణి పెంచింది అక్క తిర్సా. ఆవిడకి కాళ్ళు పడిపోయాయి, అంత దూరం రాలేదు.

"నువ్వెళ్ళరా తమ్ముడూ. నేను ఈ కిటికీలోంచి అటే చూస్తుంటాను. అక్కడ ఆరాధన మొదలైతే నాకో మాట చెప్పు" అంది.

పిచ్చి తల్లి! నెలల తరబడి నడిచే దూరం, మాటెలా వినబడుతుంది?

యెరూషలేము చేరి బలిపీఠం నిలబెట్టిన రోజు అందరూ దానికేసి తిరిగారు. షల్లూము మాత్రం తూర్పుకి తిరిగి ఏదో గొణిగాడు.

"గుడి ఇటుంటే నీ మొహం అటేంట్రా?" అని నవ్వారు. వాడు నోరు విప్పలేదు.

పునాది వేసిన రోజూ అంతే.

"గుడి ఇటుంటే నీ మొహం అటేంట్రా?" అని ఈసారి తిట్టారు. వాడు నోరు విప్పలేదు.

తలుపులు నిలబెట్టిన రోజూ అంతే. ఈసారి ముసలి యాజకుడికి ఒళ్ళు మండింది. మండదూ మరి? వెనకటికి కొందరు గుడికి వీపు పెట్టి సూర్యుడికి మొక్కబట్టే ఆ పాత గుడి కూలిందని వాళ్ళ నమ్మకం.

"సూర్యుడికి మొక్కుతున్నావా? పో బయటికి! మళ్ళీ ఈ గడప తొక్కకు!" అని రెక్క పట్టుకున్నాడు.

అది తను సున్నం తొక్కి కట్టిన గుడి. షల్లూముకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మొదటిసారి నోరు విప్పాడు.

"మొక్కట్లేదయ్యా. మా అక్క అక్కడ్నుంచి ఇటే చూస్తుంటుంది. ఇక్కడ్నుంచి అటు ఒక్క మొహమన్నా లేకపోతే ఎలాగయ్యా? 'అక్కా, మొదలెడుతున్నాం' అని చెబుతున్నా, అంతే."

యాజకుడి పట్టు వదులైంది. ఆయన తల్లి సమాధీ ఆ బబులోనులోనే ఉంది. ఆ మాటకొస్తే, ఎవరో ఒకర్ని వదిలి రానివాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు.

"చెప్పు నాయనా. నువ్వు చెప్పిందాకా మేం ఆగుతాం" అన్నాడు. ఆ రోజునుంచి షల్లూము చెప్పాకే ఆరాధన.

ముసలితనం వచ్చి షల్లూము కన్నుమూశాడు. మర్నాడు అలవాటుకొద్దీ అందరూ ఆగారు. చెప్పేవాడేడీ? కాసేపటికి ఓ అవ్వ కళ్ళు తుడుచుకుని తూర్పుకి తిరిగింది. ఆమె వెనకే అందరూ తిరిగారు.

ఆ రోజు అలా తిరిగినవాళ్ళ వంశంవాళ్ళు ఎక్కడున్నా సరే, ఇప్పటికీ ప్రార్థనకి ముందు, దూరానున్న తమవాళ్ళ వైపు ఒక్కసారి తిరుగుతారట. "అక్కా, మొదలెడుతున్నాం" అంటారట. అక్క లేనివాళ్ళూ అంటారట.