అటకెక్కిన మైనం కాగితాలు

అనగనగా గోదారి మధ్యన ఒక లంక ఊళ్ళో మంగతాయి అనే కోడలు ఉండేది. ఆమెకు ఒక చంటిపిల్ల, వీరాయమ్మ అనే అత్త. ఇదిగో, ఆ కాళ్ళాడించడం ఆపి విను.

బజారు రొట్టెకు చుట్టి ఇస్తారే మైనం కాగితం, దాన్ని మంగతాయి పారేసేది కాదు. తుడిచి, మడిచి దాచేది. దాని మీద బొబ్బట్లు ఒత్తితే అంటుకోకుండా ఊడి వచ్చేవి. వానాకాలం ఉప్పుకు చుడితే చెమ్మ చేరేది కాదు. అగ్గిపెట్టెకు కూడా చుట్టి రొంటిన దోపుకునేది.

ఒకరోజు పొయ్యి పక్కన పెట్టిన కాగితం భగ్గుమంది. అప్పుడు వీరాయమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "కొంప కాల్చేస్తావటే! ఇంకోసారి ఇవి వంటింట్లో కనపడితే చూడు!" అని కాగితాలన్నీ అటక మీదికి విసిరేసింది. పాపం, మంగతాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముసలిదానికి నోరెక్కువలే, నాలాగే.

ఆ తర్వాత శ్రావణంలో గోదారి పొంగింది. మంగతాయి మొగుడు పశువుల్ని గట్టుకు తోలుకెళ్ళాడు. ఈవిడ బొబ్బట్లు కాలుస్తుంటే నీళ్ళు గడప దాటి వచ్చి పొయ్యి ఆర్పేశాయి. అప్పుడు అత్తాకోడళ్ళు పిల్లనెత్తుకుని అటకెక్కారు. మంగతాయి చేతిలో అట్లకాడ అలాగే ఉంది. దాంతోనే తాటాకు కప్పు చీల్చి, తలలు బయటపెట్టారు.

సాయంత్రమైంది. దూరంగా ఒక పడవ. ఊళ్ళోవాళ్ళను ఎక్కించుకుని ఆఖరుసారి గట్టుకు పోతోంది. ఇక్కడేమో నీళ్ళు అటకను తాకుతున్నాయి.

వీరాయమ్మ కేకేసింది. ఆ కేక గోదారి హోరులో కలిసిపోయింది. మంగతాయి కొంగు ఊపింది. మసక వెలుతురులో ఎవరికీ ఆనలేదు. చంటిదానికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పడవ మలుపు తిరుగుతోంది. చెబుతుంటేనే నాకు గుండె దడదడలాడుతోందే తల్లీ.

అప్పుడు మంగతాయి చేతికి ఆ కాగితాలు తగిలాయి. గబగబా అట్లకాడకు చుట్టి, రొంటిన ఉన్న అగ్గిపెట్టె తీసింది. దానికి చుట్టిన కాగితం ఒక్కటే అప్పుడు అత్త కంట పడలేదు మరి.

"వద్దే! పైన తాటాకు, అంటుకుంటుంది!" అంది అత్త.

"అంటుకుంటే అంటుకోనీ అత్తా! పిల్ల దక్కాలి!"

ఒళ్ళంతా తడిసినా పుల్ల మాత్రం పొడిగానే ఉంది. గీసింది. కాగితాలు భగ్గుమన్నాయి.

పడవ ఆగింది. "ఓ వీరాయమ్మ పిన్నీ! కదలకండి, వస్తున్నాం!" అని పడవవాడి కేక వినపడింది.

ఆ తర్వాత వరద తీసింది. మొగుడు బజారు నుంచి రొట్టె తెచ్చాడు. వీరాయమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కాగితం తానే విప్పి, తుడిచి, మడిచి కోడలి చేతిలో పెట్టింది.

"అటక మీద దాచమ్మా," అంది.

కథ కంచికి, కాగితం అటక మీదికి, నా బుజ్జిది నిద్రలోకి.