గాజులు కదపకు

అన్యాయం జరిగింది హైమవతికి. జరిగింది రెండు వేల పద్దెనిమిది ఆగస్టులో, హైదరాబాదు కృష్ణానగర్ వెనక సందులో ఉన్న ఒక శబ్దాల స్టూడియోలో. చేసినది అక్కడ పనిచేసే ప్రసూన. చేస్తున్నప్పుడు అది అన్యాయమని ఆ పిల్లకి తోచలేదు, ఇల్లు ఊడుస్తున్నాననుకుంది. లోకంలో సగం అన్యాయాలు చీపురు చేతిలో ఉన్నప్పుడే జరుగుతాయి.

స్టూడియో పానకాలు మాస్టారిది. తెలుగు సినిమా ఇంకా మద్రాసులో ఉన్న రోజుల నుంచీ తెరకి చప్పుళ్లు చేసిపెడుతున్న మనిషి. హీరో ఎవడి చెయ్యి విరిచినా విరిగేది మాస్టారి గుప్పిట్లో తోటకూర కాడ. వాన, మంట, ముద్దు, చెంపదెబ్బ అన్నీ ఆయన గదిలోంచే ఊళ్లమీదికి వెళ్లాయి. ఆయనకొక అలవాటుంది. శిష్యులు ఏదన్నా అడిగితే చేతిలో పని ఆపరు, తల ఎత్తరు. అడిగినవాళ్లు, ఈయనకి వినపడిందో లేదో అని కాసేపు నిలబడి, మళ్లీ అడగడానికి సిగ్గుపడి, వెళ్లిపోతారు. జవాబు తర్వాతెప్పుడో ఏదో ఒక దారిన వస్తుంది. పట్టుకోగలిగినవాళ్లు పట్టుకుంటారు.

ఆ మరుసటేడు మాఘమాసంలో ఒక ఉదయం ప్రసూన అడిగింది.

“మాస్టారూ, రొద అంటే ఏమిటి? ఎంతవరకు తీసెయ్యాలి, ఎక్కడ ఆగాలి?”

ఊరికే అడగలేదు. ప్రసూన చేతిలో పడ్డ మాట కడిగిన ముత్యంలా బయటికొస్తుందని ఫిలింనగర్‌లో పేరు. ఫ్యాను రొద, లైటు రొద, వీధికుక్క, నటుడి కడుపులో ఆకలి, ఏదీ మిగలనివ్వదు. అలాంటిది ముందురోజు ఒక దర్శకుడు ఆమె పని విని, తెరమీద ఇల్లు మనుషులున్న ఇంట్లా లేదమ్మా, సోఫాల షాపులా ఉంది అనేసి పోయాడు. రాత్రంతా ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది.

మాస్టారు తొట్టిలో తడి గోనెసంచిని పిసుకుతున్నారు. తెరమీద అది బురదలో దున్నపోతు నడక. ప్రసూన అడిగినంతసేపూ దున్నపోతు నడుస్తూనే ఉంది.

అంతలో వాచ్‌మన్ వచ్చి, గేటు దగ్గర ఎవరో పెద్దావిడ ఉందనీ, శ్రీకాకుళం వైపు మనిషనీ, ఎంత చెప్పినా కదలడం లేదనీ చెప్పాడు. మాస్టారు లోపలికి పంపమన్నారు.

వచ్చినావిడ పేరు పొట్నూరు నాగరత్నం. నరసన్నపేట దగ్గర పల్లె. చేతిలో గుడ్డసంచి, చెప్పులు గుమ్మం బయటే వదిలేసింది. నిలబడే చెప్పింది: తను హైమవతి తల్లిని, హైమ గొంతు ఇక్కడ ఉందంటే వచ్చాను, ఒకసారి విని వెళ్లిపోతాను, ఎవరినీ ఏమీ అనను.

హైమవతి చేసింది ఒక్క సినిమా, అందులో హీరో చెల్లెలి వేషం. సినిమా విడుదల కాకముందే యూసుఫ్‌గూడ హాస్టల్లో డెంగ్యూ వచ్చి పోయింది. ఆసుపత్రి హడావిడిలో ఆమె ఫోను ఎవరి జేబులోకో వెళ్లిపోయింది. తల్లిది బటన్ల ఫోను. రోజూ రాత్రి కూతురితో మాట్లాడింది గాని అందులో ఒక్క మాటా నిలవలేదు. మొహం చూసుకోవడానికి గోడమీద ఫొటోలున్నాయి. అందుకే సినిమా తమ ఊరి హాలుకు వచ్చినప్పుడు ఆవిడ ఇరుగుపొరుగుని వెంటేసుకుని వెళ్లింది చూడటానికి కాదు, వినడానికి. తెరమీద కూతురు నోరు తెరిచింది. లోపలి నుంచి ఇంకెవరో మాట్లాడారు. పక్కింటావిడ, మీ హైమ పట్నం వెళ్లి ఎంత బాగా మాటాడుతోందే అందిట.

తెలుగు సినిమాలో తెలుగు పిల్ల తెలుగు మాట్లాడితే తెలుగువాళ్లకి అర్థం కాదని మన నిర్మాతలకి గొప్ప నమ్మకం. ఉత్తరాది నుంచి తెచ్చుకున్న పిల్లకి గొంతు అరువిస్తారు; సరే, దానికి భాష రాదు. హైమకి వచ్చు. వచ్చి ఉండటమే నేరమైంది. “ఏటి” అనే పిల్ల అంట్లు తోమే వేషానికి పనికొస్తుంది, జనం నవ్వుతారు. మేడలో చెల్లెలికి పనికిరాదు. కనుక షూటింగులో ఆమె చెప్పిన మాటలన్నీ గైడ్ ట్రాకుగా మిగిలాయి. అంటే, డబ్బింగు చెప్పే అమ్మాయి వింటూ పెదవులకి తన మాట కలుపుకోవడానికి మాత్రమే పనికొచ్చే రికార్డు. హైమ ఒకనాడు ఈ స్టూడియోకే వచ్చి, అక్కా, నా మాట నానే సెప్పుకుంటాను, ఒక్కసారి ఇనండి అని ప్రసూనని బతిమాలింది. ప్రసూన విన్నది. బాగుందనిపించింది. నిర్ణయం తనది కాదు కదా అని ఊరుకుంది. ఆగస్టులో డబ్బింగు పూర్తయింది, డిస్కు నిండింది, ఇక దీనితో పనేముంది అని గైడ్ ట్రాకు మొత్తం చెరిపేసింది. అందరూ చేసే పనే.

నాగరత్నం చెప్పడం ముగించింది. మాస్టారు తొట్టి దగ్గర్నుంచి లేవకుండానే అన్నారు.

“ఆవిడడిగింది వినిపించు.”

చెరిపేశానని అప్పుడే చెప్పేసి ఉంటే ఒక బాధతో పోయేది. ప్రసూన చెప్పలేదు. పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి, తన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, ఒకదాని వెనక ఒకటిగా డిస్కులు వెతికింది. ఏదో ఒక తునకైనా దొరుకుతుందని ఆశ. దొరకలేదు. వెనక నుంచి నాగరత్నం ఏమీ తొందరపెట్టలేదు. పెళ్లిలో వడ్డన కోసం కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఓపిక ప్రసూన వీపుకి తగులుతోంది.

అప్పుడు ప్రసూనకి ఆ బుద్ధి పుట్టింది. తోటకూర కాడతో ఎముక విరవచ్చు, గోనెసంచితో దున్నపోతుని నడిపించవచ్చు, ఒక తల్లికి కూతురి గొంతు చెయ్యలేమా? నమ్మించడమే కదా తన విద్య. డబ్బింగు అమ్మాయి చెప్పిన ఒక వాక్యం తీసుకుంది. గొంతుని కొంచెం కిందికి దించింది, కాస్త గరుకు కలిపింది, మాట చివర్లు సాగదీసింది, షూటింగులోదిలా అనిపించడానికి వెనక ఫ్యాను రొద కూడా పరిచింది. జీతం పుచ్చుకుని తీసేసే రొదని ఆవేళ ఊరికే కలిపింది. వినిపించి, ఆవిడ మొహంకేసి చూసింది.

నాగరత్నం మర్యాదగా చివరిదాకా విన్నది.

“ఇది సినిమాలో అమ్మాయేనమ్మా,” అంది. “రొంప పట్టినట్టుంది.”

ఎగతాళి కాదు. మనసులో ఉన్నది అంది, అంతే. ప్రసూన తల దించుకుని, అప్పుడు చెప్పింది, చెరిపేశానని. ఎప్పుడు చెరిపిందీ, ఎందుకు చెరిపిందీ కూడా చెప్పింది. తిట్టమని కోరుకుంది. నాగరత్నం తిట్టలేదు. మాటలు లేకపోతే పోనీ, దగ్గినదో నవ్వినదో ఏమన్నా ఉందేమో చూడమంది. అవి మాటలకన్నా ముందే పోయాయి. దగ్గూ నవ్వూ ప్రసూన లెక్కలో రొద.

మిగిలినది ఒక్కటే. షూటింగు జరిగిన ప్రతిచోటా చివర్లో ఒక నిమిషం అందర్నీ ఉన్నచోట ఉన్నట్టు నిలబెట్టి ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. ఏ ఇంటి నిశ్శబ్దం ఆ ఇంటిదే. డబ్బింగు మాటల మధ్య ఖాళీల్లో దాన్ని పరవకపోతే మాటకీ మాటకీ మధ్య తెర చచ్చిపోయినట్టు ఉంటుంది. పనికొచ్చే వస్తువు గనుక ప్రసూన దాన్ని భద్రంగా దాచింది. మేడ వరండాలో తీసిన నిమిషం తెరిచి, స్పీకర్లలో పెట్టింది.

మొదట సౌండు రికార్డు చేసే అతని గొంతు: తేదీ చెప్పాడు, చోటు చెప్పాడు, ఎవరూ మాట్లాడొద్దన్నాడు. ఆపైన కాస్త చనువుగా, “హైమా, గాజులు కదపకు.”

తర్వాత గాలి. ఎక్కడో జనరేటరు. ఒక కోడి. గాజు మీద గాజు తగిలిన చప్పుడైనా లేదు.

నాగరత్నం కుర్చీ అంచుకి జరిగింది. గదిలో అప్పటిదాకా వినబడుతున్న దున్నపోతు నడక ఎప్పుడు ఆగిందో ప్రసూన గమనించలేదు. మాస్టారు తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“ఉందా అక్కడ మా పిల్ల?”

“ఉందమ్మా. అక్కడే నిలబడి ఉంది.”

“మాటాడొద్దన్నారేటి?”

“అవునమ్మా. అందర్నీ అన్నారు.”

“అయితే మాటాడదు,” అంది నాగరత్నం. “పెద్దోలు సెప్తే ఇంటాది.”

నిమిషం అయిపోయింది. మళ్లీ పెట్టమంది. ప్రసూన మళ్లీ పెట్టింది. ఈసారి ఆవిడ స్పీకరు గుడ్డమీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నట్టు, చివరిదాకా అలాగే ఉంచింది. తర్వాత లేచి, రైలుకి వేళవుతుందంది. అన్నం తినమంటే వద్దంది. చెప్పులు తొడుక్కుంటూ ప్రసూన గడ్డం పట్టుకుని, నీ పేరేటమ్మా అని అడిగి, విని, వెళ్లింది. తిట్టి ఉంటే ప్రసూన ఆ రాత్రి నిద్రపోయేదేమో.

ఆటో ఎక్కించి వచ్చేసరికి మాస్టారు గోనెసంచి పిండి తీగమీద ఆరేస్తున్నారు. ప్రసూన పక్కన నిలబడింది. పొద్దున్న అడిగిన ప్రశ్న మళ్లీ అడగడానికి నోరు రాలేదు. ఆయనే అడిగారు, ఆ నిమిషానికి కంప్యూటర్లో ఏమని పేరు పెట్టావు అని. నిశ్శబ్దం, వరండా అని పెట్టానంది.

మాస్టారు సంచి అంచులు సరిచేశారు. నీళ్లు కారడం ఆగేదాకా చూశారు.

“చెరిపెయ్యడం బాగా వచ్చు కదా, ఆ పేరు చెరిపెయ్. పొట్నూరు హైమవతి అని రాయి. పక్కన రికార్డులో చెప్పిన తారీఖు రాయి: ఫిబ్రవరి తొమ్మిది, రెండు వేల పద్దెనిమిది.”