ఓబులమ్మ వదిలిన ఇల్లు

అనగా అనగా, అది దేవతలు నేలమీద తిరిగిన కాలమేమీ కాదు. మనుషులు ఇప్పటిలాగే ఇళ్ళు కట్టుకొని, ఆ ఇళ్ళకు ఇప్పటిలాగే తాళాలు వేసుకున్న కాలం. ఆ కాలంలో చిత్రావరం అనే పట్నంలో ఓబులమ్మ అనే అద్దకపు మనిషి ఉండేది.

నేతగాళ్ళు తెచ్చిన నూలుకు నీలిరంగు వెయ్యడం ఆమె పని. ఆమెకు ఉన్న ఆస్తి రెండే. ఒకటి, తల్లి ఇచ్చిపోయిన నాలుగు వెండి కడియాలు. రెండోది, అదే తల్లి ఇచ్చిపోయిన నీలి బాన.

నీలి బాన అంటే వట్టి కుండ అనుకునేరు పిల్లలూ. నీలిమందు, సున్నపుతేట, ఉడికించిన తగిరస గింజలు కలిపి పులియబెట్టిన రంగు అందులో ఉంటుంది. రోజూ చూసుకుంటే అది ఏళ్ళ తరబడి బతుకుతుంది. వాననీళ్ళు పడ్డాయా, చచ్చిపోతుంది. ఓబులమ్మ బాన ముప్పై ఏళ్ళుగా బతికే ఉంది. పొద్దున లేవగానే ఆమె ముందు బాన మూత తీసి వాసన చూసేది. తరువాతే మొహం కడుక్కునేది.

ఆమె ఏడేళ్ళు రత్నాకరయ్య అనే వర్తకుడి ఇంట్లో అద్దెకు ఉంది. చేరినరోజున నాలుగు కడియాలూ తీసి అతని చేతిలో ధరావతుగా పెట్టింది. రత్నాకరయ్య వాటిని కళ్ళకద్దుకొని, "ఇల్లు ఎలా ఇచ్చానో అలా అప్పగించు. కడియాలు ఎలా ఇచ్చావో అలా తీసుకుపో" అన్నాడు. మాట ఎంత బాగుందో చూడండి.

ఏడేళ్ళ తరువాత నేతగాళ్ళంతా ఏటి ఒడ్డుకు మగ్గాలు మార్చుకున్నారు. పని ఎక్కడ ఉంటే ఓబులమ్మ అక్కడికి పోవాలి. ఏటి ఒడ్డున మల్లప్ప అనే కుమ్మరికి ఒక చిన్న ఇల్లు ఖాళీగా ఉంది.

"రెండు కడియాలు ధరావతు పెట్టు, తాళం తీసుకో" అన్నాడు మల్లప్ప.

"అంతకు రెట్టింపు ఉన్నాయి నాకు" అని నవ్వింది ఓబులమ్మ. ఆమె నవ్విన చివరి నవ్వు అదే అనుకోండి.

ఆ పట్నంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇల్లు వదిలేవాళ్ళు చివరిరోజున ఇల్లంతా కడిగి, గడపకు పసుపు రాసి, లోపల దీపం వెలిగించి, తలుపు మూసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. వెళ్ళేటప్పుడు ఎవరినీ లోపలికి పిలవకూడదు. పిలిస్తే ఇల్లు నొచ్చుకుంటుందట. ఓబులమ్మ అన్నీ పద్ధతిగా చేసింది. తాళంచెవి రత్నాకరయ్య గుమాస్తా చేతికిచ్చి, బానను బండిలో ఎక్కించుకొని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. కాబట్టి ఆమె ఇంటిని ఎంత శుభ్రంగా వదిలిందో చూసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు.

మర్నాడు కడియాల కోసం వెళితే, రత్నాకరయ్య ఒక్క కడియం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మిగతా మూడూ అయ్యా?"

"ఇల్లు బాగుచెయ్యడానికి సరిపోయాయి. వంటింటి గోడలకు మసి పట్టించావు. గీకించి సున్నం వేయించాను. ఒక కడియం. నేలమీద నీలం మరకలు. ఇటుకపొడితో తోమించాను. ఇంకో కడియం. బావి నిండా పూడిక. మనుషుల్ని దించి తోడించాను. మూడో కడియం."

"అయ్యా, నేను వదిలింది నిన్న సాయంత్రం. ఇంత పని ఎప్పుడు జరిగింది?"

"డబ్బున్నవాడి పని త్వరగా అవుతుంది."

"ఒక్కసారి తలుపు తియ్యండి. చూసి వెళ్ళిపోతాను."

"ఇల్లు వదిలాక వెనక్కి చూడకూడదు ఓబులమ్మా, ఆ మాత్రం తెలీదా? నీ చేతులు చూసుకో. మోచేతి దాకా నీలమే. ఆ చేతులు ఏడేళ్ళు తిరిగిన ఇల్లు తెల్లగా ఉంటుందా?"

పక్కనున్న గుమాస్తా కిసుక్కుమన్నాడు. ఓబులమ్మ చేతులు కొంగులో దాచుకుంది. పాపం, సిగ్గుపడాల్సిన చేతులు అవి కావు. కాని మనం సిగ్గుపడేలా మాట్లాడడం కొందరికి చిన్నప్పటినుంచే అలవాటు.

వానలు తెచ్చే మృగశిర కార్తె ముంగిట్లో ఉంది. మల్లప్ప ఒక్క కడియాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"నీమీద నమ్మకం లేక కాదమ్మా. నిరుడు ఒకణ్ణి నమ్మి తాళం ఇస్తే తలుపు రెక్కలతో సహా పట్టుకుపోయాడు. రెండో కడియం తెచ్చుకో. అందాకా బాన పెరట్లో ఉంచుకో."

పెరటికి కప్పు లేదు. ఓబులమ్మ బానమీద తాటాకులు కప్పి, వాటిమీద రాళ్ళు పెట్టి, వీధి పెద్దల దగ్గరికి పరుగెత్తింది.

వీధి పెద్దలు ముగ్గురు. ముగ్గురికీ అద్దెకిచ్చే ఇళ్ళున్నాయి. ఆమె చెప్పింది విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరినైనా పిలిచి చూపించావా?" అన్నాడు ఒకడు.

"పిలవకూడదు కదయ్యా."

"మరి మేమేం చెప్పగలం?" అన్నాడు రెండోవాడు.

"అసలు ఏమీ ఇవ్వనివాళ్ళను కూడా చూశాం. ఒకటి ఇచ్చాడు, సంతోషించు" అన్నాడు మూడోవాడు.

ఇక మిగిలింది ధర్మాధికారి. మొదటిరోజు వెళితే ఆయన పూజలో ఉన్నాడన్నారు. రెండోరోజు వెళితే భోజనంలో ఉన్నాడన్నారు. మూడోరోజు నిద్రలో ఉన్నాడన్నారు. లేచేదాకా కూర్చుంటానని ఆమె అరుగుమీద కూర్చుంది. అప్పుడు ఉరిమింది.

ఓబులమ్మ పరుగెత్తింది. ఏటి ఒడ్డుకు చేరేసరికి గాలికి తాటాకులు ఎప్పుడో లేచిపోయాయి. బాన నిండి పొర్లుతోంది. మల్లప్ప పెరట్లోనుంచి ఏటిదాకా సన్నటి నీలం కాలువ పారుతోంది. మల్లప్ప తన పచ్చికుండల మీద కప్పిన గోనెపట్టా లాగి తెచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. అతని కుండలూ కరిగాయి.

వాన తగ్గాక ఆమె వంగి బానను వాసన చూసింది. ఏ వాసనా లేదు. వట్టి నీళ్ళ వాసన.

"తాళం తీసుకో తల్లీ. ఏమీ ఇవ్వొద్దు" అన్నాడు మల్లప్ప, తల వంచుకొని.

ఆమె తాళంచెవి అందుకుంది. మరునాడు మళ్ళీ ధర్మాధికారి అరుగెక్కింది.

ఈసారి ఆయన మెలకువగానే ఉన్నాడు. అంతా విని, "బాన పోయింది, ఇల్లు దొరికింది. ఇంకా ఆ కడియాలతో ఏం పని?" అన్నాడు.

"ఆ ఇంట్లోకి రేపు ఇంకొకరు వస్తారయ్యా. వాళ్ళ చేతులకూ కడియాలుంటాయి."

 ధర్మాధికారి లేచి కండువా వేసుకున్నాడు.

రత్నాకరయ్య చేసేది లేక తలుపు తీశాడు. వంటింటి గోడ తెల్లగా ఉంది.

"చూశారా, నేను వేయించిన సున్నం" అన్నాడు.

"సున్నంలో ఏం కలిపించారయ్యా?" అంది ఓబులమ్మ.

"ఏం కలుపుతారు? అచ్చమైన గుల్లసున్నం."

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి గోడమీద చిలకరించింది. తడిసినచోటల్లా లేత నీలం తేలింది.

"ప్రతి ఉగాదికీ నేనే వేసేదాన్ని. తెలుపు నిగనిగలాడాలని చిటికెడు నీలి కలపడం నా అలవాటు. పైన ఉన్నది నా సున్నమే." తరువాత మేకు ఊడినచోట గోరుతో గీకింది. పొరలు ఉల్లిపొరల్లా లేచాయి. ధర్మాధికారి ఒక్కొక్కటీ తడిపి చూశాడు. ఏడు లేత నీలం పొరలు. వాటికింద నల్లటి మసి. ఆమె రాకముందు ఎవరో కాచుకున్న పొయ్యి మసి అది.

రత్నాకరయ్య నుదురు తుడుచుకున్నాడు.

తరువాత బావి. "నిరుడు అట్లతద్దినాడు నా ఇత్తడిచెంబు ఇందులో పడింది. వీధంతా ఎరుగుదురు. బావి తోడించినవాళ్ళకు అది దొరికుండాలి కదా" అంది. చేదలు తీసే గాలం వేశారు. మూడోసారికి సొట్టపడ్డ చెంబు, నిండా బురదతో పైకి వచ్చింది.

చివరికి నేల. బాన ఉండేచోట నాపరాళ్ళమీద అరచేయంత నీలం మరకలు మూడు అలాగే ఉన్నాయి. ఎవరూ తోమలేదు.

"ఇవి నీవి కాదంటావా?" అన్నాడు ధర్మాధికారి.

కాదంటే అడిగేవాడు లేడు. అయినా ఓబులమ్మ, "నావే" అంది. "చివరిరోజు ఎంత తోమినా వదల్లేదు. చింతపండు నానబెట్టి ఇంకో పూట తోమితే పోతాయి. తోమి ఇస్తాను. పూట పనికి కడియం మాత్రం ఇవ్వను."

"మూడు కడియాలూ తెచ్చి ఇవ్వు" అన్నాడు ధర్మాధికారి.

రత్నాకరయ్య దేవుడి గదిలోకి వెళ్ళి ఒక వెండిపళ్ళెం తెచ్చాడు. మూడూ కరిగించి దేవుడికి నైవేద్యం పెట్టే పళ్ళెం చేయించుకున్నాడు. బరువు సరిపోయింది. కాని పళ్ళేన్ని చేతికి వేసుకోలేరు కదా.

ధర్మాధికారి అతనికి జరిమానా వేశాడు. ఇకమీదట ఇల్లు వదిలేవాళ్ళు ఇద్దరు సాక్షులను పిలిచి చూపించాకే దీపం పెట్టాలని దండోరా వేయించాడు. తాను పడుకున్న మూడోరోజు గురించి మాత్రం ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు.

అందరూ వెళ్ళిపోయారు. ఓబులమ్మ పళ్ళెం పక్కన పెట్టి, కొంగు బిగించి, నేలమీద మోకరిల్లింది. చింతపండు రసం పోసి, ఇటుకపొడి చల్లి తోమసాగింది. ఒక మరక పోయింది. రెండోదీ పోయింది. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. తల్లి బానలోని రంగు లోకంలో ఇక మిగిలింది అంతే.

ఎవరూ చూడటం లేదు. వదిలేసి వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. ఆమె కాసేపు దానిమీద అరచేయి ఆనించి కూర్చుంది. ఆ తరువాత, తోమి ఇస్తానన్న మాట ప్రకారం అదికూడా తోమేసింది. దీపం పెట్టి, తలుపు మూసి, ఈసారి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, వెళ్ళిపోయింది.

మన దగ్గర దాచమని ఇచ్చిన సొమ్ము ఎన్నేళ్ళు ఉన్నా మనది కాదు పిల్లలూ. దాన్ని అడిగిననాడు ఇవ్వనివాడు ఆ తరువాత అణా పైసలతో సహా తిరిగి ఇచ్చినా, ఇచ్చినవాడు కాడు.