పేరయ్య పెదవి, మూడొందల బాతులు

అనగనగా కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో, తల్లీ, పేరయ్య అనే బాతుల కాపరి ఉండేవాడు. ఆయనకి గర్వమన్నది బొత్తిగా లేదు. ఆ చుట్టుపక్కల తన ఈలంత గొప్ప ఈల మరొకటి లేదని ఆయనే అందరికీ చెప్పేవాడు. పాపం, వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టాలంటే ఎంత శ్రమ! ఆ శ్రమ వాళ్ళకి తప్పించాలని ఆయన తాపత్రయం.

ఆయన దగ్గర మూడొందల బాతులు. పొద్దున దడి తెరిస్తే బిలబిలమంటూ నీళ్ళలోకి దిగిపోయేవి. కిక్కిస గడ్డి మనిషెత్తున పెరిగిన చోటికి పోయి నత్తలు ఏరుకు తినేవి. పొద్దు వాలేవేళకి పేరయ్య గట్టు మీద నిలబడి, కింది పెదవి ముడిచి ఒక్క ఈల వేసేవాడు. మూడొందలూ వరస కట్టి వచ్చేవి. చీకటిపడ్డాక బయట మిగిలిపోయిన బాతు నక్కల పాలే. అందుకని ఆ ఇంటికి అన్నం పెట్టేది తన పెదవేనని పేరయ్య నమ్మకం.

ఒకరోజు మధ్యాహ్నం దడికి వల బిగిస్తున్నాడు. అందరూ రెండు చేతుల్తో ముడి వేస్తారు. పేరయ్యది మూడు చేతుల పనితనం, రెండు చేతులూ, ఒక నోరూ. నైలాను తాడు పళ్ళతో కరిచిపట్టి గట్టిగా లాగాడు. ముడి జారింది. తాడు సర్రున పోయి కింది పెదవిని కోసింది.

పెదవికి తగిలిన దెబ్బ చిన్నదే అయినా నెత్తురు మాత్రం పెళ్ళివారిలా హడావిడిగా వస్తుంది. చొక్కా ముందంతా ఎర్రబడింది. పేరయ్య తన పెదవి ఊడి కింద పడిందనుకుని గడ్డిలో వెతకబోయాడట.

అప్పుడు ఆయన భార్య నాంచారమ్మ వచ్చింది. ముందు సబ్బుతో చేతులు కడుక్కుంది. ఆ తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళతో ఆయన చేత పుక్కిలింపించి, పెదవి మెల్లగా కడిగింది. వెలుతురులో కూర్చోబెట్టి చూసింది. పళ్ళేవీ కదల్లేదు. గాయం గోరంత పొడుగు, అంచులు రెండూ దగ్గరగానే ఉన్నాయి. లోతుగా విచ్చుకుని ఉంటే ఆస్పత్రికి పోయి కుట్లు వేయించాల్సిందే, ఇది ఇంట్లో మానేదే అంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి కాఫీపొడి అద్దమంది. కాఫీపొడి కాఫీలోకే చాలడం లేదని చెప్పి నాంచారమ్మ ఆవిణ్ణి పంపేసింది.

అప్పుడు ఉతికిన గుడ్డ మడిచి పెదవి మీద పెట్టి, నేను చెప్పేదాకా అదిమి పట్టుకో, తీసి చూడకు అంది. పేరయ్య పట్టుకున్నాడు. కాసేపటికి, ఆగిందేమోనని తీసి చూశాడు. మళ్ళీ మొదలైంది. రెండోసారి, ఎందుకు మొదలైందా అని తీసి చూశాడు. ఇంకా ఎక్కువైంది. మూడోసారి ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకోమని, నాంచారమ్మే అదిమి కూర్చుంది. పొయ్యి మీద చారు కాగేంతసేపు కదల్లేదు. అప్పుడు ఆగింది.

ఆ తర్వాత కుండలో చల్లటి నీళ్ళతో ఇంకో గుడ్డ తడిపి వాపు మీద వేసింది. వేసి, మూడు మాటలు చెప్పింది. గాయాన్ని నాలుకతో తడమకు. కారం తినకు. ఈల వెయ్యకు.

మొదటి మాట ఆయన అప్పుడే తప్పాడు. నాలుక ఉండేది ఆ ఇంట్లోనే కదా, కొత్త చుట్టాన్ని పలకరించకుండా ఎలా ఉంటుంది? రెండోది తప్పే వీల్లేకుండా, తను వండిన కొరమీను పులుసు నాంచారమ్మ తనే తిని, ఆయనకి చల్లారిన మజ్జిగన్నం పెట్టింది. మూడో మాట ఎంత కష్టమైందో సాయంత్రం అయ్యేదాకా ఇద్దరికీ తట్టలేదు.

పొద్దు వాలింది. మూడొందల బాతులూ కిక్కిసలో ఉన్నాయి. నాంచారమ్మ చేతులు చాచి పిలిచింది, రాలేదు. పళ్ళెం మీద గరిటెతో కొట్టింది, రాలేదు. అవతలి గట్టున నక్క ఊళవేసింది. పేరయ్య ఇక ఆగలేక పెదవి ముడవబోయాడు. చురుక్కుమంది. నెత్తురు చుక్క మెరిసింది. ఈల వేస్తే పెదవి మళ్ళీ విచ్చుకుంటుంది. వెయ్యకపోతే ఏడాది కష్టం నక్కలకి విందు.

నాంచారమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఈ ఒక్కరోజూ నోరు మూసుకుని వినవయ్యా," అంది.

పేరయ్య విన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ వేళప్పుడు తన ఈల తప్ప ఆయనకి ఇంకేదీ వినబడలేదు. ఇప్పుడు మొదట గాలి వినబడింది. ఆ తర్వాత నీళ్ళు కదిలే చప్పుడు. ఆ తర్వాత, ఎక్కడో లోపల, ఒక ముసలి బాతు గొంతు. బొంగురుగా, మెల్లగా, ఒక్కసారి. దానికి ఇంకోటి బదులిచ్చింది. దానికి పది. ఆ మూల నుంచి ఈ మూలకి, వచ్చావా, నువ్వు వచ్చావా అని ఒకదాన్నొకటి అడుగుతున్నట్టు.

అప్పుడు కిక్కిస కదిలింది. ముసలి బాతు ముందు, మిగతావన్నీ వెనక, ఎర్రటి నీళ్ళ మీద ఒకటే గీతలా వచ్చాయి. అవి ఈదుతుంటే నీళ్ళు రెండుగా చీలుతున్నాయి. అవి దాటగానే, ఎవరూ కుట్టకుండానే, మళ్ళీ కలిసిపోతున్నాయి. పేరయ్య నోరు తెరవబోయి, పెదవి గుర్తొచ్చి, కళ్ళు మాత్రం తెరిచాడు. ఆ మందని రప్పించేది తనే అనుకున్న మనిషి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. ఒక్కటీ తగ్గలేదు.

ఆ తర్వాత రోజూ పడుకోబోయే ముందు నాంచారమ్మ ఆయన పెదవి ఎండకుండా కాస్త వ్యాజిలీన్ రాసేది. ఒకరోజు వాపు తగ్గింది. ఇంకోరోజు నొప్పి పోయింది. వారం తిరిగేసరికి సన్నటి గీత మిగిలింది, అదీ వెతికితేనే. పేరయ్య అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నేనేం చెయ్యలేదే," అన్నాడు.

"అందుకే మానింది," అంది నాంచారమ్మ.

ఇప్పుడు మళ్ళీ రోజూ ఈల వేస్తున్నాడు. బాతులు వస్తున్నాయి. అయితే ఒక్కోరోజు ఆయన పెదవి ముడిచేలోపే సగం దూరం వచ్చేసి ఉంటాయి. అవి తన ఈలకి వస్తున్నాయో, వచ్చేవాటికి తను ఈల వేస్తున్నాడో, ఆ సంగతి మాత్రం ఆయనకి ఇప్పటికీ తెలీదు తల్లీ.

బాతులు దడికి,
నక్కలు అడవికి,
కథ కంచి బాటకి,
మనం నిద్ర తోటకి.