కూర్చోని సభ

కొండవాలు బీడులో మేసే జంతువులకి ఒక కట్టుబాటు ఉండేది. కాపలాదారు మీద ఫిర్యాదు వస్తే సభ కూడాలి. పెద్ద కూర్చోగానే అందరూ కూర్చోవాలి; పెద్ద కూర్చోకపోతే సభ జరగనట్టే. కూర్చున్నాక ఫిర్యాదు పూర్తిగా విని తీర్పు చెప్పకుండా ఎవరూ లేవకూడదు.

ఆ ఏడు సభకి పెద్ద గేదె కాటమ్మ. కాపలాదారు దుమ్ములగొండి. దాన్నెందుకు ఎన్నుకున్నారని అడక్కండి, ఎన్నుకున్నారు.

గొర్రె పోలమ్మ పిల్లలు రెండు కాపలాలోనే మాయమయ్యాయి. మూడోదాన్ని కాళ్ల సందున దాచుకుని సభకొచ్చి, కాపలాదారు మూతికి ఉన్ని అంటుకుని ఉండగా చూశానని చెప్పింది. కాటమ్మకి జాలేసింది. పైగా పొద్దుటి నుంచీ మోకాళ్లు పీకుతున్నాయి. కూర్చోబోయింది.

అంతలో సభ వ్యవహారాలు చూసే గుంటనక్క ఆమె చెవి దగ్గరకొచ్చింది.

"తొందరెందుకు పెద్దమ్మా? వానలు పడితే వాడి గడువు ఎలాగూ తీరిపోతుంది. ఇప్పుడు కూర్చుంటే బీడంతా రెండు ముక్కలవుతుంది. వాడిది తప్పు కాదని నువ్వేమీ అనడం లేదుగా, ఊరికే నిలబడతావంతే."

ఆ మాట కాటమ్మకి హాయిగా తోచింది. నిజమే, తనేమీ అబద్ధం ఆడటం లేదు. దుమ్ములగొండి కోరల వంక ఒకసారి చూసి, మోకాళ్లు బిగబట్టి నిలబడింది. అందరూ నిలబడ్డారు. కాసేపటికి ఎవరి మేతకి వాళ్లు వెళ్లిపోయారు.

వానలు పడేలోగా పోలమ్మ మూడో పిల్ల కూడా పోయింది. కొత్త కాపలాదారుని ఎన్నుకునే రోజున నక్క ముందుకొచ్చి, "ఈయన మీద మచ్చే ఉంటే మన పెద్దమ్మ ఆ రోజు కూర్చునేది కాదా?" అంది. అందరూ తలలూపారు. కాపలా మళ్లీ దుమ్ములగొండికే దక్కింది. కాటమ్మ తల దించుకుని నెమరేసుకుంది.

చలికాలంలో ఆమె దూడ కనిపించకుండా పోయింది. వాగు ఒడ్డున గిట్టలు మాత్రం దొరికాయి. కాటమ్మ రొప్పుకుంటూ సభకి పరుగెత్తింది. ఫిర్యాదు చేసినవాళ్లు పెద్దగా ఉండకూడదు కనక ఆ చోట గాడిదని నిలబెట్టారు. గాడిద నక్క వంక చూసింది. కూర్చోలేదు.

"ఒక్కసారి కూర్చో తమ్ముడూ. వింటే చాలు," అని కాటమ్మ బతిమాలింది.

గాడిద నిలబడే ఉంది. పోలమ్మ దగ్గరకొచ్చి, "ఆ రోజు నేనూ అంతకంటే అడగలేదు అత్తా," అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

కాటమ్మ మోకాళ్లు మడతపడ్డాయి. అంత సభలో కూర్చున్నది ఆమె ఒక్కతే.

వినాల్సిన రోజున వినకుండా నిలబడ్డ పెద్ద, తన ఏడుపు వినే సభని తనే లేకుండా చేసుకుంటుంది.