రేవులో పిలుపు

యన్‌హే అనే భిక్షువుకి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

కొరియా గడ్డ మీద సిల్లా రాజులు ఏలుతున్న కాలం అది. రాజుగారి కొలువు నుంచి మఠానికి ఆజ్ఞ వచ్చింది. నలభై ఏళ్ల కిందట సిల్లా సైన్యం జయించి కలిపేసుకున్న గయా రాజ్యానికి ఆ పేరెలా వచ్చిందో తేల్చి రాసి పంపమని. ఆ పని యన్‌హే మీద పడింది. అతను ఏది రాస్తే అదే నిలుస్తుంది. తక్కినవి చెరిగిపోతాయి.

పాత పత్రాల్లో ఒకచోట గయా అని ఉంది, ఒకచోట గరా అని, మరోచోట గరక్ అని. అక్కడివాళ్లు మొనదేలిన టోపీలు పెట్టుకునేవాళ్లు కాబట్టి ఆ టోపీ పేరే దేశానికి వచ్చిందని కొందరన్నారు. ఏటి ఒడ్డు దేశం కాబట్టి ఏటి పేరని ఇంకొందరు. బుద్ధుడికి జ్ఞానోదయమైన గయ పేరే పెట్టుకున్నారని యన్‌హే వాదన. కాదన్నందుకు తోటి భిక్షువుతో మాటలు కూడా మానేశాడు.

చివరికి గురువు ముగక్ దగ్గరికి వెళ్లాడు. ఆయనకి డెబ్బై దాటాయి. ఆ గయా దేశంలోనే పుట్టాడు. కానీ ఆ పేరు ఆయన నోట శిష్యులెవరూ ఏనాడూ వినలేదు.

"గురువుగారూ, మీరు అక్కడివారు. ఏది నిజమో మీరే చెప్పాలి."

ముగక్ చేతికర్ర అందుకున్నాడు.

"రా, రేవు దాకా వెళ్లొద్దాం."

కొండ దిగేసరికి పొద్దు వాలుతోంది. నక్తోంగ్ నది నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డు ఒకప్పటి గయా. ఉప్పు మూటలవాళ్లు, చేపల గంపలవాళ్లు పడవ కోసం కూచుని ఉన్నారు.

ముగక్ నీళ్ల అంచున నిలబడి, రెండు చేతులూ దొప్పలా నోటి దగ్గర పెట్టుకుని, పాతకాలపు పడవ సరంగులా గొంతు సాగదీసి పిలిచాడు.

"గరా...! గరా వాళ్లో...య్! గరా...!"

యన్‌హే సిగ్గుతో చచ్చిపోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఒక ముసలమ్మ మాత్రం దిగ్గున లేచింది. గంప నెత్తికెత్తుకుని వడివడిగా నీళ్లలోకి దిగింది. మోకాళ్ల లోతుకి వెళ్లాక గానీ ఎదురుగా పడవ లేదని చూసుకోలేదు. అలాగే నిలబడిపోయింది.

యన్‌హే పరుగున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పిలిచింది మీరా స్వామీ?" అంది ఆమె, గట్టు మీది ముగక్‌ని చూస్తూ. "ఎన్నేళ్లయిందో ఆ కేక విని! మా అమ్మ నన్ను చంకనేసుకుని ఒకటే పరుగు తీసేది, పడవ ఎక్కడ తప్పిపోతుందోనని."

యన్‌హే ఉండబట్టలేకపోయాడు.

"అవ్వా, గరా అంటే అర్థం ఏమిటి?"

ఇతనికేమైనా మతిపోయిందా అన్నట్టు చూసింది ఆమె.

"అర్థమేమిటి నాయనా? ఇంక ఇంటికి పోవచ్చని."

గట్టు మీద ముగక్ ముఖం అటు తిప్పుకున్నాడు.

యన్‌హే ఇంకేమీ అడగలేదు. ముసలమ్మ నెత్తి మీది గంప తను అందుకుని, ఆమెని మెల్లగా గట్టు ఎక్కించాడు.